కడపటి కంచము

మితవ్యయమును గూర్చి యుపదేశించువారు తరచుగా మితముగా భుజింపవలసిన యగత్యము లేనివారై యుందురు. నిండినకడుపు ఖాళీకడుపునకు హితము చెప్పుట మిక్కిలి సులభము. మేమును చిరకాలము అట్టి యుపదేశకులలోనివారమే. సాదాతిండి మేలనియు, ఆకుకూరలు తినవలెననియు పాఠ్యపుస్తకములోని మాటలను తరగతిలో పిల్లలకు చెప్పుచు వచ్చితిమి. ఆ మాటల బరువు మాకు 2020, 2021 సంవత్సరములలో గాని తెలిసిరాలేదు. చదువరులు దీనిని ఉపదేశముగా గాక, ఒక యింటి లెక్కగా చదువవలెనని మనవి.

మేము హనుమకొండలో నొక ప్రైవేటు పాఠశాలలో సంస్కృతమును, ఇంగ్లీషును బోధించువారము. ఇంటిలో మేము, మా యిల్లాలు, మా తల్లిగారు, ఒక కూతురు, ఒక కొడుకు, వెరసి ఐదుగురము. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణమున బడులు మూతబడెను. ఏప్రిల్ మొదలు జీతము నిలిచిపోయెను. యాజమాన్యమువారు మొదట సగమిత్తుమనిరి. పిమ్మట ఫీజులు వసూలైనప్పుడు చూతమనిరి. ఆ పిమ్మట ఫోను ఎత్తుట మానిరి. మావంటివారు కొందరు కూరగాయల బండ్లు త్రోసిరి. కొందరు కూలికి పోయిరి. మాకు ఫోనులో చెప్పు రెండు మూడు ట్యూషన్లు దొరకినవి. వానిపై వచ్చిన సొమ్ములో అద్దెకును, కరెంటునకును పోగా, తిండికి నెలకు 4000 రూపాయలు మిగులుచుండెను. దినమునకు 133 రూపాయలు. మనిషికి 27 రూపాయలైనను లేవు.

ఇట్టి సమయమున నే గృహస్థుడైనను మొదట దేనిని తగ్గించును? పోషణ నిచ్చుదానిని నిలుపుకొని, ఆడంబరమును విడుచుననియే యెవరైన చెప్పుదురు. మేము చేసినది దీనికి సరిగా విరుద్ధము. మొదట పండ్లు మానితిమి. పిమ్మట పాలు, ఆ పిమ్మట పప్పు, కడపట కూరలు తగ్గించితిమి. మానరానివిగా మాకు తోచినవి మూడు: సన్నబియ్యము, చాయ, మామిడితొక్కు. 4000 రూపాయలలో దాదాపు 1900 సన్నబియ్యమునకే పోవుచుండెను. దొడ్డుబియ్యము వండినచో పక్కవాటావారు చూతురని భయము. జొన్నరొట్టె చేసినచో పిండిపై చేయి చరచు చప్పుడు గోడ దాటి వినబడునని సిగ్గు. పప్పులో నీళ్లు పెరిగినవి, చారు పలుచనైనది. కంచములోని తెల్లని యన్నపుకుప్ప మాత్రము తగ్గలేదు. కడుపు నిండుచునే యుండెను గనుక ఈ కష్టమును గెలుచుచున్నామనియే యెంచితిమి. ఇంత కొద్ది సొమ్ములో ఇంటిని నడుపుచున్న మా యిల్లాలి నేర్పును మిత్రులయొద్ద పొగడుచుంటిమి కూడ.

2021 ఫిబ్రవరిలో నొకనాటి యుదయమున ఆమె నీళ్లబిందెతో మెట్లెక్కుచు నడుమ కూర్చుండిపోయెను. కొంతకాలముగా తల తిరుగుచున్నదనియు, చేతులు చల్లబడుచున్నవనియు అప్పుడు చెప్పెను. సర్కారు ఆసుపత్రిలో రక్తము పరీక్షించిరి. స్త్రీలకు కనీసము 12 ఉండవలసిన హిమోగ్లోబిన్ ఆమెకు 8.4 ఉండెను. వైద్యురాలు కాగితమును చూచి, ఇంటిలో నేమి తినుచున్నారని యడిగెను.

"అందరు తినేదే తింటున్న మేడం."

"అందరితోపాటు తింటున్నావా అమ్మా, అందరు తిన్నాక తింటున్నావా?"

మా యిల్లాలు బదులు చెప్పలేదు. ఒకసారి మావైపు చూచి, పిమ్మట నేలచూపు చూచెను. వైద్యురాలు ఇనుము మాత్రలు వ్రాసి యిచ్చి, ఇంకేమియు అడుగక మమ్ము పంపివేసెను. అడిగియున్నచో మేము చెప్పదగిన సమాధానము లేదు.

ఆనాటినుండి యొక వారము మేము వంటయింటి గడపయొద్ద కూర్చుండి గమనించితిమి. మొదటి వరుసలో మేమును, కొడుకును భుజింతుము. రెండవ వరుసలో మా తల్లిగారును, కూతురును. అటుపిమ్మట గిన్నెలు సర్ది మా యిల్లాలు కూర్చుండును. ఐదుగురికి వండిన పప్పు ఐదు గరిటెలు. అందులో మా కంచమునకు రెండు, కొడుకునకు ఒకటిన్నర, తక్కినది తల్లిగారికిని కూతురునకును పోవుచుండెను. కడపటి కంచములో పడునది అన్నము, తొక్కు, గిన్నె తొలిచిన చారునీళ్లు. ఉదయమున తినుటకు బదులు ఆమె చాయ త్రాగుచుండెను. ఆకలి చంపుట కదియే సులభమైన మందు. ఆమెకు పప్పు పడదనియు, పాలు వెగటనియు పదునెనిమిదేండ్ల కాపురములో మేము నమ్మియుంటిమి. ఆమె చిన్ననాట ముద్దపప్పు లేనిదే కంచము ముట్టెడిది కాదని మా అత్తగారు ఫోనులో చెప్పగా విని, మేమేమియు పలుకలేకపోతిమి.

వ్యుత్పత్తులు చెప్పి పిల్లల మెప్పు పొందుట మా వృత్తిలోని చిన్న విలాసము. భరించి పోషించువాడు గనుక భర్త, పోషింపబడవలసినది గనుక భార్య యని సంస్కృతపు తరగతిలో చెప్పుదుము. ఇంగ్లీషు తరగతిలో, లేడీ యను మాట పూర్వము రొట్టెపిండి పిసుకునది యను నర్థముగల పదమునుండియు, లార్డ్ యను మాట రొట్టెను కాచువాడను నర్థముగల పదమునుండియు పుట్టినవని చెప్పుదుము. ఇరువదియేండ్లుగా చెప్పిన యీ పాఠము ఆ రాత్రి మాకే యప్పగింపబడెను. మా యింట పోషించినదెవరు? పోషింపబడినదెవరు? పిండి పిసికిన చేతికి రొట్టె యందినదా? 4000 రూపాయలతో ఐదుగురము బ్రతుకుచున్నామని మేము చెప్పుకొన్న లెక్క తప్పు. ఆ సొమ్ముతో నలుగురమే బ్రతికితిమి. ఐదవవారు తమ రక్తమును ఖర్చుపెట్టి తక్కువపడిన దానిని పూరించిరి.

2021 ఏప్రిల్‌లో రాష్ట్రప్రభుత్వము గుర్తింపుగల ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకును, సిబ్బందికిని నెలకు 2000 రూపాయలును, రేషను దుకాణముద్వారా 25 కిలోల బియ్యమును ఇయ్య నిశ్చయించెను. సొమ్ము బకాయిపడిన అద్దెకు పోయెను. బియ్యమునకై మేము సంచి చంకబెట్టుకొని, మాస్కును కన్నులదాక లాగుకొని, వరుసలో నిలిచితిమి. ముందు నిలిచిన ముసలమ్మ మమ్ము పోల్చెను. ఆమె మనుమడు మా శిష్యుడు. ఆమె మా వీథిలో గంపతో ఆకుకూరలమ్మును. మేము సంచిలోని దొడ్డుబియ్యమును చూచి ముఖము ముడుచుకొనుట ఆమె గ్రహించెను.

"దొడ్డుబియ్యమని చిన్నబోకుండ్రి సారూ. సన్నయైనా దొడ్డుయైనా బియ్యం బియ్యమే. ఉత్త బువ్వ తింటె ఏం బలమొస్తది? ఇంత పప్పు, ఇంత కూర ఉండాలె" అని పలికి, గంపలో మిగిలిన రెండు కట్టల గంగవాయిలికూరను మా సంచిలో వేసెను. పైసలియ్యబోగా, అది చెలకలో ఊరకనే మొలచునదని చెప్పి పుచ్చుకొనలేదు. ఎనుమాములవంటి పెద్ద వ్యవసాయ మార్కెట్టుగల యూరిలో నుండియు, ఆనాటివరకు మాకు జొన్నల ధర తెలియదు, ఉలవల ధర తెలియదు.

ఆ నెలనుండి లెక్కపుస్తకమును మేమే వ్రాసితిమి. మే నెల లెక్కను ఉన్నదున్నట్లుగా ఇచ్చట నిచ్చుచున్నాము. బియ్యము 25 కిలోలు ఉచితము. జొన్నలు 14 కిలోలకు 490 రూపాయలు. కందిపప్పు 3 కిలోలు, పెసలు 3 కిలోలు, శనగలు 2 కిలోలు, ఉలవలు ఒక కిలో, అన్నియు కలిసి 800. ఆకుకూరలకును, కూరగాయలకును దినమునకు 25 చొప్పున 750. పాలు దినమునకు అరలీటరు చొప్పున 750. నూనె 3 లీటర్లు 480. పల్లీలు 2 కిలోలు 220. బెల్లము 2 కిలోలు 100. చింతపండు, కారము, ఉప్పు, పసుపు, నిమ్మకాయలు 300. మొత్తము 3890. మిగిలిన 110 రూపాయలకు ఇరువది గ్రుడ్లు వచ్చినవి. మా తల్లిగారు వానిని చూచి కన్నులు మూసికొనిరి గాని కాదనలేదు. సన్నబియ్యము కొన్న దినములలో నెలకు మూడు కిలోల పప్పును మించి కొనలేకపోయిన యింట, ఇప్పుడు తొమ్మిది కిలోల పప్పుధాన్యములు వచ్చి పడినవి. సొమ్ము పెరుగలేదు, అది పోవు త్రోవ మారినది.

వంట సంగతియు చెప్పవలెను. రాత్రి జొన్నపిండిని నీళ్లలో కలిపి పులియనిచ్చి, ఉదయమున మరుగు నీళ్లలో పోసి, ఉండకట్టకుండ గరిటెతో త్రిప్పుచు ఉడికించి, చల్లారిన పిదప మజ్జిగయు, ఉప్పును, తరిగిన ఉల్లిగడ్డయు కలిపినచో అంబలి సిద్ధము. ఇది మా యుదయపు తిండి. మధ్యాహ్నము అన్నము, దానిలోనికి ఏదో యొక ఆకుతో కలిపి వండిన పప్పు. వేసవిలో చింతచిగురు, వానలు పడిన పిమ్మట గంగవాయిలి, తక్కిన దినములలో తోటకూర, పాలకూర, పుంటికూర. పక్కింటి చెట్టుపై మునగాకు ఎన్నడును కరవు లేదు. అన్నమునకు సరిపడు నీళ్లే పోసి గంజి వార్చుట మానితిమి. వార్చిన గంజితో కొంత సారము కూడ పోవుచుండెను. సాయంకాలము పిల్లలకు శనగగుగ్గిళ్లు గాని, వేయించిన పల్లీలును బెల్లమును గాని పెట్టుదుము. రాత్రి జొన్నరొట్టె, కూర. వారమున కొకసారి ఉలవచారు. ఎండ మెండుగా నున్నప్పుడు పచ్చిపులుసు.

దీనిలో నేదియు మేము కనిపెట్టినది కాదు. మన ముత్తవ్వల వంటయే యిది. ఐనను వారు చేసిన పనికి నేటి శాస్త్రము కారణమును చెప్పుచున్నది. గింజలలోని ఇనుమును శరీరమునకు అందనీయక పట్టియుంచు పదార్థము పులియబెట్టుటచేతను, మొలకెత్తించుటచేతను తగ్గును. పప్పుపై పిండిన నిమ్మకాయ ఆకుకూరలోని ఇనుమును రక్తమున కందించుటకు తోడ్పడును. భోజనముతో త్రాగిన చాయ దానినే అడ్డగించును. కావున మేము నిమ్మకాయను కంచములోనికి తెచ్చి, చాయను భోజనమునకు దూరముగా జరిపితిమి. ఈ రెండింటికిని అయిన ఖర్చు దినమునకు రెండు మూడు రూపాయలు.

ఇంత చౌకగా దొరకుదానిని మేమంతకాలమెందుకు ముట్టలేదని విచారించితిమి. జొన్నకూటిపై చిన్నచూపు నిన్న మొన్నటిది కాదు. పలనాటి జొన్నకూటిని హేళనచేసిన చాటువులు శ్రీనాథుని పేర నేటికిని పండితులు సభలలో చదివి నవ్వింతురు. మేమును చదివి నవ్వించితిమి. ఓరుగంటి రాజ్యమున పాకాల, రామప్ప, లక్నవరము చెరువులక్రింద వరి పండెను. చెరువునీరందని చెలకలలో జొన్న పండెను. చెలకవాడు తెల్లయన్నమును పండుగనాడు చూచెడివాడు. ఇట్లు బియ్యము గౌరవమునకును, జొన్న పేదరికమునకును గుర్తులైనవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చినప్పుడు పేదయింట తొలిసారిగ దినదినమును తెల్లయన్నము వండబడెను. దానిని మేము నిందింపము. ఆకలిని తీర్చిన పనిని నిందించుట కృతఘ్నత. కాని కంచములోనికి బియ్యము వచ్చినంత వేగముగా పప్పు రాలేదు. జొన్న మాత్రము వెడలిపోయెను. అన్నమును నిందింపకుండుట వ్రతమని తైత్తిరీయోపనిషత్తు విధించినది. దానికి వ్యాఖ్యానము చెప్పిన నోటితోనే మేము జొన్నను నిందించితిమి.

కేవల మన్నపుకుప్ప బలము కాదనుట శాస్త్రజ్ఞులు నూరేండ్ల క్రిందటనే చూపిరి. కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అను వైద్యుడు మన దేశపు ఆయా ప్రాంతముల భోజనములను ఎలుకలకు పెట్టి చూచెను. గోధుమరొట్టె, పప్పు, పాలు, కూరలు తిన్న యెలుకలు పుష్టిగా పెరిగినవి. ముఖ్యముగా బియ్యముపై నాధారపడిన దక్షిణదేశపు భోజనము తిన్నవి క్షీణించినవి. ఆయన 1918లో ప్రారంభించిన పరిశోధనయే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా తార్నాకలో నున్నది. ఆ సంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో, మనము తిను శక్తిలో ధాన్యములవలన వచ్చునది నూటికి 45 పాళ్లు మించరాదని యున్నది. మా పాత కంచమున నూటికి ఎనుబది పాళ్లకు తక్కువ యుండదని మా యూహ.

ఐనను, వస్తువులు మారినంత మాత్రమున కార్యము నెరవేరలేదు. మొదటి వారమున పప్పు చిక్కనైనది. కడపటి కంచములో మాత్రము మరల అడుగుపప్పే మిగిలెను. చిక్కని పప్పును మేమును, పిల్లలును మఱింత యిష్టముగా తింటిమి! అప్పుడు రెండు నియమములు పెట్టితిమి. ఐదు కంచములు ఒక్కసారి పరవవలెను. పప్పును, కూరను భోజనము మొదలిడకమునుపే ఐదు పాళ్లుగా వడ్డింపవలెను. మారు వడ్డన యన్నమునకే గాని పప్పునకు లేదు.

మా తల్లిగారి కిది నచ్చలేదు. "మొగోళ్లు తిన్నంక ఆడోళ్లు తినుడు ఎన్నటికెల్లి వస్తున్నది కొడకా! కోడలు నీ పక్కన కూసోని తింటె చూసినోళ్లు ఏమంటరు?" అని రెండు దినములు అలిగి వేరుగ కూర్చుండిరి. మేము వాదింపలేదు. "అమ్మా, బతుకమ్మ పండుగలో మూడవనాడు నీవే ముద్దపప్పు వండి నైవేద్యము పెట్టుదువు గదా. పూలతో పేర్చిన అమ్మవారికి ముద్దపప్పు పెట్టి, ఇంటిలో తిరుగాడు అమ్మకు చారునీళ్లు పోయవచ్చునా?" అని మాత్రమంటిమి. ఆమె బదులు చెప్పలేదు. మూడవనాడు వచ్చి వరుసలో కూర్చుండిరి. మా కూతురు మొదట ఆమెకే వడ్డించెను. ఆమె పప్పు కలుపుకొని, రెండు ముద్దలు తిని, చేయి ఆపి, మెల్లగా నిట్లనిరి: "పప్పు వేడి మీద గిట్లుంటదా!"

డెబ్బదియేండ్ల ఆమె మాట యది. పదునాలుగవయేట కాపురమునకు వచ్చినది మొదలు, వేలమార్లు పప్పు వండి, వేడిపప్పు రుచిని ఎఱుగని యిల్లాలు మా యింటనే యుండెనని మే మంతవరకు తెలిసికొనలేదు. తరువాత మా భోజనమున మాటలు లేవు. మా యిల్లాలు కంచమువైపు చూచుచు తినుచుండెను. ఆమె కన్నులలో నీరుండెనో లేదో చూచుటకు మాకు ధైర్యము చాలలేదు.

ఆగస్టులో మరల పరీక్షింపగా హిమోగ్లోబిన్ 11.3 వచ్చెను. ఇది పప్పు మహిమయే యని చెప్పుట సత్యము కాదు. వైద్యురాలిచ్చిన మాత్రలను ఆమె నాలుగు నెలలు విడువక మింగెను. అట్టి స్థితిలో నున్నవారు వైద్యుని చూడక తిండినే నమ్ముట ప్రమాదము. కాని మాత్రలు పూరించినదానిని మరల పోనీయకుండ నిలిపినది కంచమే. తరువాత బడులు తెరచిరి, జీతము వచ్చెను. మేము మాత్రము మునుపటి వరుసకు పోలేదు. మా యింట రాత్రివేళ జొన్నరొట్టె చప్పుడు నేడు గోడ దాటి వినబడుచునే యున్నది. పక్కవాటావారు మొన్న నొకనాడు పిండి యెక్కడ ఆడించితిరని యడిగిరి.

ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. 27 రూపాయలతో మనిషి బ్రతుకవచ్చునని ఋజువు చేయుటకు మేమిది వ్రాయలేదు. కూలివానికి, ఉపాధ్యాయునికి జీతము ఎగవేయువారు ఈ లెక్కను సాకుగా చూపినచో, వారు దీనిని తలక్రిందుగా చదివినట్లే. మా లెక్కలో బియ్యము సర్కారుది, ఎముకలు ముదురుచున్న పిల్లలకు అరలీటరు పాలు చాలవు, పండు లేదు. ఇది ఆపత్కాలపు భోజనమే గాని ఆదర్శము కాదు. ఆపదలో నున్నవారికి దారి యొకటి కలదని చెప్పుట వేరు, ఆపదయే చాలునని చెప్పుట వేరు.

2019–21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనతగలవారని తేలెను. దీనికి కారణములనేకము, కడపటి కంచమొక్కటే కాదు. కాని సర్కారు చేతిలో లేనిది, మన చేతిలోనున్నది అదియొక్కటే. 2025 ఉగాదినుండి రేషనుకార్డులపై మనిషికి 6 కిలోల సన్నబియ్యమును ఉచితముగా నిచ్చుట మొదలిడిరి. మంచిదే. ఆ సన్నబియ్యముపై ఆదాయైన సొమ్ము పప్పుగా మారునా, మారినను ఆ పప్పు ఏ కంచమున పడును అనునది ప్రతి యింటిలోను తేలవలసిన సంగతి.

చదువరులలో మాకంటె నేర్పుగా ఇల్లు నడుపువారనేకులుందురు. వారికి మేము ధరలు చెప్పనక్కరలేదు. ఒక్కటి మాత్రము వేడుకొందుము. నెలసరి లెక్క వ్రాయబోవు ముందు, ఈ రాత్రి మీ యింట కడపట భుజించువారెవరో, వారి కంచములో నేమున్నదో, ఒకసారి వెళ్లి చూడుడు. పొదుపు సంగతి పిమ్మట చూచుకొనవచ్చును.